ఎక్కువ వంగిన రిమ్ నిలిచింది, తక్కువ వంగింది తుక్కుకు వెళ్లింది: ఒకే గుంతలో పడ్డ రెండు అలాయ్ వీల్స్ కేస్ స్టడీ

బండి ముందు చక్రాలు లాగే సెడాన్. టైర్లు 205/55 ఆర్16. రిమ్ 6.5 జే × 16, అంటే వెడల్పు 6.5 అంగుళాలు, వ్యాసం 16. ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు నడిమి గీతకూ బండికి ఆనే ముఖానికీ మధ్య దూరం) ఈటీ 50, అంటే 50 మి.మీ. బోల్టు వరస 5×112, అంటే 112 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు. మధ్య రంధ్రం 57.1 మి.మీ. నాలుగూ బండితో పాటు వచ్చిన పోత అలాయ్ వీల్సే.

ఫిర్యాదులు రెండు. వేగం 80 దాటగానే స్టీరింగ్ అదరడం మొదలవుతుంది, 90–95 దగ్గర బాగా ఎక్కువవుతుంది, 110 దాటితే తగ్గుతుంది. ఇక ఎడమ వెనక టైరులో వారానికి 4–5 పీఎస్ఐ గాలి దిగిపోతోంది. నీళ్లు నిండిన గుంతలో ఎడమ వైపు రెండు చక్రాలూ ఒకదాని వెనక ఒకటి పడ్డ రోజు నుంచే రెండూ మొదలయ్యాయి. మా దగ్గరికి వచ్చేలోపు వేరే చోట రెండుసార్లు బ్యాలెన్సింగ్ అయింది, వెనక చక్రానికి వాల్వు మార్చారు. అయినా ఏమీ తగ్గలేదు. బయటి నుంచి చూస్తే ఏ రిమ్ మీదా గీత కూడా లేదు.

అలా కనబడకపోవడంలో వింత లేదు. స్పోకులన్నీ రిమ్ బయటి ముఖానికి దగ్గరగా కలుస్తాయి కాబట్టి ఆ అంచుకు వెనక దన్ను ఉంటుంది. సస్పెన్షన్ వైపున్న లోపలి అంచు డబ్బా మూతిలా గాల్లో ఉంటుంది, పట్టుకునేది ఏదీ లేదు. గుంత అంచు తగిలినప్పుడు ముందుగా వంగేది అదే. కాబట్టి అలాయ్ వీల్ వంకర చూడాలంటే బండిని లిఫ్ట్ మీదకు ఎత్తి, లోపలి వైపు నుంచి చూడాలి.

రోడ్డు మీద తేలినవి

ముందుగా నాలుగు టైర్ల గాలీ చల్లగా ఉన్నప్పుడే సరిచేసి బండి నడిపి చూశాం. బ్రేకు మీద కాలు పెట్టినా పెట్టకపోయినా అదురు ఒకేలా ఉంది. బ్రేకు వేసినప్పుడే అదిరితే డిస్క్ మీద అనుమానం పెట్టుకోవాలి. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి అదే వేగంలో వదిలితే కూడా అదురు పోలేదు, అంటే ఇంజిన్‌తో సంబంధం లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పెరగలేదు కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్‌నూ పక్కన పెట్టవచ్చు. అదురు స్టీరింగ్‌లోనే ఎక్కువ, సీటులో తక్కువ. ముందు చక్రంలో ప్రధాన లోపం, వెనక ఎక్కడో చిన్న లోపం ఉందని దీని అర్థం.

వేగం సంగతి కూడా ఒక ఆధారమే. ఈ సైజు టైరు వ్యాసం 632 మి.మీ., చుట్టుకొలత సుమారు 1.98 మీటర్లు. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు, చక్రం సెకనుకు 12–13 చుట్లు తిరుగుతుంది. మామూలు కార్లలో చక్రం, హబ్ (చక్రం బోల్టులతో బిగిసే భాగం), బ్రేకు కలిసి సస్పెన్షన్ మీద తమంతట తాము ఊగే లయ కూడా సెకనుకు 10–15 సార్ల మధ్యే ఉంటుంది. చక్రం చుట్టుకొక్క పోటు ఇస్తూ ఆ లయను అందుకున్న వేగంలో అదురు పెద్దదవుతుంది, దాటాక తగ్గుతుంది. ఒక వేగంలో వచ్చి ఆ పైన పోయే అదురు చక్రానిదేనని అందుకే ముందుగా అనుకుంటాం.

బ్యాలెన్సింగ్‌తో ఎందుకు పోలేదు

ఎడమ ముందు చక్రం లోపలి వైపు 75 గ్రాముల బరువులు అంటించి ఉన్నాయి. మంచి రిమ్, మంచి టైరు కలిస్తే ఒక్కో వైపు 10–40 గ్రాములు చాలు. ఒక వైపు 60 దాటిందంటే బరువులు అంటించడం ఆపి రిమ్‌ను కొలవాలి. మామూలు బ్యాలెన్సింగ్ మిషన్ చక్రాన్ని గాల్లో తిప్పుతుంది, బరువు ఎటు ఎక్కువుందో మాత్రమే చెబుతుంది. వంకర రిమ్‌కైనా తగిన చోట సీసం అంటిస్తే మిషన్ మీద సున్నా చూపిస్తుంది. చక్రం గుండ్రంగా ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

రోడ్డు మీద మాత్రం అదే ప్రశ్న. ఈ రకం టైరును ఇంకో మిల్లీమీటరు నొక్కాలంటే సుమారు 20 కిలోల బరువు కావాలి. రిమ్ లోపలి అంచు 2.6 మి.మీ. తేడాతో తిరుగుతూ బయటి అంచు సరిగ్గా ఉంటే, టైరు మధ్యలో దాదాపు 1.4 మి.మీ. తేడా పడుతుంది. కొంత టైరు మింగేసినా, హబ్ మీద 20 కిలోలకు పైగా భారం సెకనుకు 12 సార్లు పెరిగి తగ్గుతుంది. దీన్ని ఏ సీసం ముక్కా ఆపలేదు. చక్రాన్ని రోలరుతో నొక్కుతూ తిప్పే రోడ్ ఫోర్స్ మిషన్ అయితే ఈ తేడాను పట్టుకుంటుంది. అది లేకున్నా, మిల్లీమీటరులో వందో వంతు తేడాను ముల్లుతో చూపే డయల్ గేజ్ చాలు, కాస్త ఓపిక కావాలి.

కొలతలు

చక్రాలు విప్పకముందు బండి ఎత్తి, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపి చూశాం. బేరింగ్‌లో ఆట లేదు, బాల్ జాయింట్ గట్టిగా ఉంది. చక్రం తీశాక హబ్ ముఖం మీద తుప్పు గోకి డయల్ గేజ్ పెడితే 0.03 మి.మీ. వచ్చింది. 0.05 దాటకూడదు. హబ్ ముఖం మీద కనబడే తేడా రిమ్ అంచుకు వెళ్లేసరికి మూడు రెట్ల పైన అవుతుంది కాబట్టి ఈ మెట్టు దాటవేస్తే మంచి రిమ్‌నే వంకర అనుకునే ప్రమాదం ఉంది.

తర్వాత టైరు విప్పి, ఒట్టి రిమ్‌ను కొలిచాం. టైరుతో ఉండగా కొలిస్తే టైరు తేడా ఎంత, రిమ్ తేడా ఎంత అని విడదీయలేం. గేజ్ ముల్లు పెట్టాల్సింది రిమ్ పెదవి మీద కాదు, టైరు బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే చోట. పెదవి మీద ఫుట్‌పాత్ గీతలూ పెయింటు మందమూ కొలతను తప్పుదారి పట్టిస్తాయి. రిమ్‌ను తిప్పి కొలిచే మిషన్ మీద బిగించేటప్పుడు, రిమ్‌ను సరిగ్గా నడిమికి తెచ్చే కోన్‌ను వెనక వైపు నుంచి పెట్టి, మధ్య రంధ్రంలో నిండుగా కూర్చుందో లేదో చూడాలి. అక్కడ చిన్న తుప్పు పొర ఉన్నా రీడింగ్ అంతా అబద్ధమే.

ఒక్కో రిమ్‌కు నాలుగు కొలతలు: లోపలి బీడ్ చోటా బయటి బీడ్ చోటా, ఎత్తుపల్లాల తేడా ఒకటి, పక్కకు ఊగే తేడా ఒకటి. వాల్వు రంధ్రాన్ని గడియారంలో 12 అనుకుని, ఎనిమిది చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి రాసుకున్నాం.

ఎడమ ముందు రిమ్: లోపలి వైపు ఎత్తుపల్లాల తేడా 2.6 మి.మీ., పక్క ఊపు 1.4 మి.మీ., బయటి వైపు రెండూ 0.3 లోపే. నాలుగు గంటల దగ్గర 2.3 పల్లం, దానికి రెండు పక్కలా 0.3 చొప్పున మిట్ట. వంకర దాదాపు 150 మి.మీ. పొడవునా మెల్లగా దిగి మెల్లగా లేచింది.

ఎడమ వెనక రిమ్: లోపలి వైపు ఎత్తుపల్లాల తేడా 1.7 మి.మీ., పక్క ఊపు 0.9. చూడ్డానికి ఇదే నయం. కానీ ఆ 1.7 అంతా 50 మి.మీ. పొడవులోనే ఉంది. వేలితో తడిమితే మొన తగిలినట్టు ఉంది.

కుడి వైపు రెండు రిమ్‌లూ 0.4 లోపే. అలాయ్ రిమ్‌లకు చాలామంది తయారీదారులు ఇచ్చే హద్దు 0.5 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉంటుంది. ఇనుప రిమ్‌కు 1 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం.

పగులు వెతకడం

ఇక్కడే రెండు రిమ్‌ల దారులు వేరయ్యాయి. పోత అల్యూమినియం ఇనుములా సాగదు. చాలా అలాయ్ వీల్స్‌కు వాడే ఏ356 మిశ్రమం, అంటే 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉన్న అల్యూమినియం, కొద్ది శాతం సాగాక చీలిపోతుంది. 2.6 మి.మీ. వంకర 150 మి.మీ. మేర పరుచుకుంటే లోహం మీద పడే సాగుడు తక్కువ. 1.7 మి.మీ. వంకర 50 మి.మీ.లోనే మడత పడితే దాని బయటి పొర మీద సాగుడు చాలా ఎక్కువ. కాబట్టి లోతు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, వంకర పొడవు కూడా కొలవాలి.

వంకర చుట్టూ 100 మి.మీ. మేర, లోపలా బయటా, పెయింటు తీసేశాం. రిమూవర్ పూసి, మిగిలింది 240 నంబరు గరుకు కాగితంతో చేత్తో తీయాలి. ఇసుక బ్లాస్టింగ్ మాత్రం ఈ దశలో వద్దు. ఇసుక రేణువులు లోహాన్ని కొట్టి పగులు నోరు మూసేస్తాయి, తర్వాత రంగు లోపలికి దిగదు. పగులు ఉన్న రిమ్ ‘బాగుంది’ అని బయటికి వెళ్లిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

శుభ్రం చేసి ఆరనిచ్చి, పగుళ్లలోకి దిగే ఎర్ర రంగు (పెనెట్రంట్) పూసి 15 నిమిషాలు వదిలాం. తుడిచేటప్పుడు క్లీనర్‌ను గుడ్డ మీద చల్లుకుని తుడవాలి. నేరుగా రిమ్ మీద కొడితే పగుల్లోకి దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. పైన, పగుల్లోని రంగును బయటికి లాగే తెల్లటి డెవలపర్ పలచగా చల్లి 10 నిమిషాలు ఆగాం. ముందు రిమ్ తెల్లగానే ఉంది. వెనక రిమ్ మీద రెండో నిమిషంలోనే వెంట్రుకంత ఎర్ర గీత తేలి, నెమ్మదిగా చిక్కబడింది. పెదవి దగ్గర మొదలై బీడ్ కూర్చునే చోటు దాటి 18 మి.మీ. లోపలికి వెళ్లింది. వారానికి 4–5 పీఎస్ఐ దిగుతున్న గాలి పోయే దారి అదే. మార్చిన వాల్వులో అసలు లోపమే లేదు.

వెనక రిమ్‌కు వెల్డింగ్ ఎందుకు వద్దన్నాం

పగులు లోపలి అంచులోనే ఉంది, స్పోకుకు చేరలేదు కాబట్టి వెల్డింగ్ చేస్తే సరిపోదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. అలాయ్ వీల్‌కు బలం వచ్చేది టీ6 అనే వేడి ప్రక్రియ నుంచి. రిమ్‌ను 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 160 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని గంటలు ఉంచుతారు. వెల్డింగ్ చేసిన చోటికి రెండు పక్కలా ఆ ప్రక్రియ చెరిగిపోయి లోహం మెత్తబడుతుంది. రిమ్ మొత్తాన్ని తిరిగి టీ6 చేస్తే తప్ప ఆ బలం రాదు, అలా చేస్తే ఆకారం మారుతుంది. వెల్డు గాలిని ఆపుతుంది, బరువును మోయదు. తర్వాతి గుంతలో పగులు వెల్డు పక్కనుంచే మళ్లీ మొదలవుతుంది. స్పోకు, బోల్టు రంధ్రం, మధ్య భాగం దగ్గర పగులు ఉంటే చర్చే అక్కర్లేదు. అంచు పగులుకు వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. బీడ్ చోటు దాటిన పగులుకు మేం చేయం.

ఇదే చక్రం టైరు లోపల చూస్తే లైనింగ్ మీద వంగిన చోటుకు ఎదురుగా నల్లటి గీత, బయట లోపలి పక్కగోడ మీద ఉసిరికాయంత ఉబ్బు. రిమ్‌కూ గుంత అంచుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగాయి. ఉబ్బిన టైరుకు ప్యాచ్ ఉండదు. అది కూడా పక్కన పెట్టాం. ముందు టైరు లోపలా బయటా బాగుంది.

ముందు రిమ్ సాపు చేసిన తీరు

పగులు లేదు, స్పోకు మీద ఒత్తిడి గుర్తు లేదు, పాత రిపేరు ఆనవాళ్లు లేవు. ఆ చివరిది ముఖ్యం. వెనకవైపు కొత్త పెయింటు, సుత్తి మొట్టికాయలు, అంచు రుద్దిన జాడ కనబడితే ఆ రిమ్ ఒకసారి వంగి సాపైందన్నమాట. ఒకే చోట రెండోసారి వంచకూడదు.

రిమ్‌ను మధ్య రంధ్రంతో మిషన్‌కు బిగించి, వంకర చోటును వేడి చేశాం. ఎంత వేడి అన్నదానిపై పనివాళ్లలో వాదన ఉంది. మేం 150 డిగ్రీలు దాటనివ్వం. పోత తర్వాత ఆఖరి వేడి ప్రక్రియ జరిగిన స్థాయికి కింద, అదీ కొద్ది నిమిషాలు ఉంటే బలం పోదు. అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడదు, కాబట్టి కంటితో అంచనా కుదరదు. లేజర్ చుక్క వేసే థర్మామీటర్ మెరిసే లోహం మీద అసలు వేడికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి మంట పెట్టి 300 డిగ్రీలు దాటించిన రిమ్ పైకి బాగానే కనబడుతుంది, లోపల మెత్తబడి ఉంటుంది. వేడికి కరిగే క్రేయాన్ గీత గానీ, లోహాన్ని తాకే ప్రోబ్ గానీ వాడాలి.

హైడ్రాలిక్ జాకీ మొనకు రిమ్ వంపుకు సరిపడే నైలాన్ దిమ్మె తొడిగి లోపలి నుంచి బయటికి తోశాం. నేరుగా పల్లం నడుమ తోస్తే నడుమ ఉబ్బి రెండు పక్కలా పల్లం మిగిలిపోతుంది. వంకర రెండు చివరల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం నడుమకు రావాలి. లోహం కొంత వెనక్కి లేస్తుంది కనుక ప్రతిసారీ కాస్త అవతలికి తోసి, ఒత్తిడి పూర్తిగా వదిలి, అప్పుడే గేజ్ చూడాలి. 2.6 నుంచి 1.9, 1.2, 0.7, చివరికి 0.4. మధ్యలో పక్క ఊపును కూడా విడిగా సరిచేస్తే 1.4 నుంచి 0.5కు వచ్చింది. అక్కడితో ఆపాం. 0.4ను 0.2 చేయాలని తోస్తూ పోతే అదురులో తేడా తెలియదు కానీ లోహం మీద అదనపు అలసట మాత్రం పడుతుంది. సుత్తి దెబ్బతో ఇదే పని చేయడం అలాయ్‌కు పనికిరాదు. ఇనుప రిమ్ ఆ దెబ్బలు భరిస్తుంది, అయినా దానికి కూడా బీడ్ చోటు వంగితే మార్చడమే మేలు.

చల్లారాక పెనెట్రంట్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాం. చాలా పగుళ్లు గుంతలో కాకుండా సాపు చేసేటప్పుడే పుడతాయి, అందుకే ఈ రెండో పరీక్షను ఎప్పుడూ వదలం. తెల్లగానే వచ్చింది. రెండు అంచుల మధ్య వెడల్పు చుట్టూ కొలిచాం. 6.5 అంగుళాలంటే 165.1 మి.మీ., తేడా అర మిల్లీమీటరు లోపే ఉంది. బీడ్ చోటును సన్న కాగితంతో నునుపు చేసి, ప్రైమరు, గాలికి ఆరే రెండు భాగాల పెయింటు వేశాం. 180–200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చే పౌడర్ కోటింగ్ వద్దనుకున్నాం. వేడిని 150 దగ్గర కాపాడి చివర్లో ఓవెన్‌లో పెట్టడం అర్థం లేని పని.

కొత్త రిమ్ ఎంపిక

వెనక రిమ్ బదులు అదే పార్ట్ నంబరు రిమ్ తెప్పించాం. వేరే తయారీది కొనాల్సి వస్తే వెడల్పు, ఆఫ్‌సెట్, బోల్టు వరస, మధ్య రంధ్రం నాలుగూ చూడాలి. ఆ పైన చాలామంది మరిచేది బోల్టు కూర్చునే ఆకారం. ఈ బండి బోల్టుల తల కింద గుండ్రటి ఆకారం ఉంటుంది, మార్కెట్లో దొరికే చాలా రిమ్‌లకు 60 డిగ్రీల కోన్ సీటు ఉంటుంది. రెండూ పైకి బిగిసినట్టే అనిపిస్తాయి, కానీ తాకేది సన్నటి గీత మేరకే, నడుస్తుంటే వదులవుతాయి. మధ్య రంధ్రం పెద్దదైతే 57.1కు తగ్గించే రింగు తప్పనిసరి, లేకపోతే కొత్త రిమ్‌తోనే అదురు వస్తుంది. రిమ్ మీద మోయగల బరువు ముద్ర ఉంటే అది యాక్సిల్ బరువులో సగానికి తగ్గకూడదు. జపాన్ అలాయ్ వీల్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు తయారీదారు తానే వేసుకునేది. వీఐఏ గుర్తు అక్కడి విడి పరీక్షా సంస్థ పరీక్షించి నమోదు చేశాక వేసేది. రెండోది ఉంటే నమ్మకం ఎక్కువ. పాత రిమ్ కొనేవాళ్లు పైన చెప్పిన గేజ్, పెనెట్రంట్ పరీక్షలు రెండూ చేయించాకే కొనాలి.

బిగింపు

సాపు చేసిన రిమ్‌ను ఎడమ వెనకకు, కొత్త రిమ్‌ను ఎడమ ముందుకు వేశాం. మిగిలిన 0.4 తేడా వెనక ఉంటే స్టీరింగ్‌కు చేరదు, ముందు బ్రేకు భారం కూడా దాని మీద పడదు. మంచి పాత టైరు కొత్త రిమ్ మీదకు ముందుకు వెళ్లింది. వెనక యాక్సిల్‌కు రెండు కొత్త టైర్లు వేశాం, ఒకే యాక్సిల్ మీద ఒకటి 8 మి.మీ., ఒకటి 5 మి.మీ. గాడి ఉండకూడదని.

కొత్త టైరు మీద ఎర్ర చుక్క దాని ఎత్తైన చోటు. సాపు చేసిన రిమ్ మీద అన్నిటికన్నా పల్లంగా మిగిలిన చోటును గుర్తు పెట్టి, ఆ రెంటినీ ఎదురెదురుగా కలిపాం. రెండు తేడాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. పసుపు చుక్క మాత్రమే ఉన్న టైరు అయితే ఆ చుక్క వాల్వు దగ్గరికి రావాలి. బీడ్‌కు లూబ్రికెంట్ రాసి గాలి కొట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటించలేదు. అప్పటికీ బీడ్ కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ రాయాలి తప్ప ఒత్తిడి పెంచకూడదు. సబ్బు నీళ్లతో బీడ్ చుట్టూ, వాల్వు దగ్గర, సాపు చేసిన చోట చూశాం, బుడగ లేదు. బ్యాలెన్సింగ్‌లో సాపు చేసిన చక్రానికి లోపల 15, బయట 10 గ్రాములు సరిపోయాయి. ఇదే రిమ్‌కు అంతకుముందు 75 పట్టింది.

హబ్ ముఖం, రిమ్ వెనక ముఖం తుడిచి, బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, నక్షత్రం వరసలో మొదట సగం, తర్వాత మాన్యువల్‌లో ఉన్న 120 న్యూటన్ మీటర్లకు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాం. బోల్టు మరలకు గ్రీజు రాయకూడదు. గ్రీజు ఉంటే రెంచ్ అదే అంకె దగ్గర ఆగినా బోల్టు మాత్రం అంతకన్నా ఎక్కువ లాగబడుతుంది.

చివరికి అలైన్‌మెంట్. రిమ్‌ను వంచిన దెబ్బ సస్పెన్షన్‌కూ తగిలే ఉంటుంది. ఎడమ ముందు టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) కాస్త తప్పింది, సరిచేశాం. రెండు వైపుల క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు వాలు), స్టీరింగ్ యాక్సిస్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే గీత) వాలు ఒకేలా ఉన్నాయి, అంటే స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు కాడ), నకిల్ (హబ్‌ను మోసే భాగం) వంగలేదు. వెనక టో కూడా హద్దులోనే ఉంది. చక్రాలు సరిచేశాకే అలైన్‌మెంట్ చూడడం మంచిది, రిమ్ బయటి అంచు వంగి ఉంటే దాని మీద బిగించిన క్లాంప్ తప్పు కోణాలు చూపించవచ్చు.

ఫలితం

60 నుంచి 110 దాకా మెల్లగా పెంచుతూ నడిపితే స్టీరింగ్ నిలకడగా ఉంది, 90–95 దగ్గర కూడా. 100 కి.మీ. లోపే బోల్టుల టార్క్ మళ్లీ చూశాం, ఒకటి కొద్దిగా తిరిగింది. వారం తర్వాత నాలుగు టైర్ల గాలీ చల్లగా కొలిస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. సుమారు 1,000 కి.మీ. తర్వాత సాపు చేసిన రిమ్‌ను బండి మీదే గేజ్‌తో చూస్తే 0.4 అలాగే ఉంది, వెనక్కి వంగలేదు. ఇకపై టైరు విప్పిన ప్రతిసారీ ఆ చోటును లోపలి నుంచి చూడమనీ, అది మళ్లీ ఏ గుంతలో వంగినా ఈసారి సాపు చేయకుండా మార్చమనీ ఓనర్‌కు రాసిచ్చాం. పగిలిన రిమ్ ఇంకో బండికి ఎక్కకుండా అంచు అడ్డంగా కోసి తుక్కుకు పంపాం.